నస్యం చెంచా: వెదురు బద్దతో మొదలుపెట్టి వాడకం దాకా పూర్తి విధానం

నస్యం (ముక్కుపొడుం) డబ్బీలో వేళ్లు పెట్టకుండా పొడుం తీసుకోవడానికి చిన్న చెంచా ఎలా చేసుకోవాలి, చేసుకున్నాక దాన్ని ఎలా వాడాలి అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు. కొందరి దగ్గర చైనా నుంచో మంగోలియా నుంచో వచ్చిన నస్యం సీసా ఉంది, దాని బిరడాకు ఉండవలసిన చెంచా మాత్రం విరిగిపోయింది. మరికొందరికి ఇంట్లో పెద్దలు వాడే డబ్బీకి సరిపోయే చెంచా కావాలి. ఈ ఇద్దరికీ పనికివచ్చేలా ఈ మార్గదర్శిని రాశాను.

పనిలోకి వెళ్లే ముందు చెప్పవలసినది ఒకటుంది. పొడుం పొగాకే. వేళ్లతో తీసినా చెంచాతో తీసినా దాని హాని ఒకటే. అలవాటు లేనివారు చెంచా ముచ్చటగా ఉందని మొదలుపెట్టవద్దు. సీసాను అలంకారంగా దాచుకునేవారికి కూడా ఈ చెంచా పని ఆసక్తిగానే ఉంటుంది.

ఇక పని విషయానికి వస్తే, ఇందులోని కష్టమంతా చెంచా చిన్నదిగా ఉండటంలోనే ఉంది. పెద్ద గరిటెలో అర మిల్లీమీటరు తేడా ఎవరికీ కనబడదు. ఈ చెంచాలో అర మిల్లీమీటరు పొరపాటు జరిగితే తల సీసా మూతిలో దూరదు, లేదా గుంట అడుగు చిల్లుపడుతుంది. అందుకే కింది అంచెల వరుసను మార్చకుండా చేయమని కోరుతున్నాను.

1. ఏ చెంచా కావాలో ముందుగా తేల్చుకోవడం

ఇంట్లో చేసుకోదగిన నస్యం చెంచాలు రెండు రకాలు.

మొదటిది సీసా చెంచా. చైనా, మంగోలియా నస్యం సీసాల మూతి ఇరుకుగా ఉంటుంది, అందులోకి వేలు దూరదు. అందువల్ల బిరడా అడుగున పుల్లలాంటి సన్నని చెంచాను బిగిస్తారు. బిరడా తీయగానే చెంచా కూడా దానితోపాటే బయటికి వస్తుంది. దీనికి లోతైన గుంట అక్కరలేదు. చివర కాస్త వెడల్పుగా, కొద్దిగా పల్లంగా ఉంటే చాలు.

రెండవది డబ్బీ చెంచా. దీని కాడ నాలుగైదు సెంటీమీటర్లకు మించకూడదు. మూత తీసిన డబ్బీలోకి ఏటవాలుగా వెళ్లి పొడుం తీయాలి కాబట్టి మెడ దగ్గర కొద్దిపాటి వంపు అవసరం.

దక్షిణాఫ్రికాలోని జులూ ప్రజలు ఎముకతో చేసుకొని జుట్టులో గుచ్చుకునే చెంచాలు ఈ రెండింటికీ భిన్నమైనవి. వాటికి దువ్వెన పళ్లలాంటి పొడవైన ముళ్లు ఉంటాయి. ఎముక కోయడానికి వేరే పనిముట్లు, వేరే జాగ్రత్తలు కావాలి కనుక ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు.

పొడుం రకాన్ని కూడా ఈ దశలోనే చూసుకోవాలి. నెయ్యి, సున్నం పడిన దక్షిణాది పొడుం కాస్త జిగటగా ఉండి గుంటకు పట్టుకుంటుంది. దానికి గుంట వెడల్పుగా, తక్కువ లోతుతో, బాగా నునుపుగా ఉండాలి. పొడిపొడిగా ఉండే మెత్తని రకం జారిపోతుంది, ఊపిరి తగిలినా లేస్తుంది. దానికి గుంట చుట్టూ సన్నని అంచు మిగల్చాలి.

2. కొలతలు తీసుకోవడం

సీసా లోపలి లోతును చీపురు పుల్లతో కొలవాలి. పుల్లను సీసా అడుగు తాకేదాకా నిలువుగా దించి, మూతి అంచు దగ్గర దానికి దారం ముడివేసి, బయటికి తీసి స్కేలు మీద పెట్టాలి. ఆ కొలతలోంచి 3 మిల్లీమీటర్లు తగ్గించాలి. బిరడా అడుగు నుంచి కాకుండా సీసా మూతి అంచు నుంచి చెంచా కొసకు ఉండవలసిన దూరం అది. బిరడాలోకి దిగే భాగానికి మరో 10 మిల్లీమీటర్లు కలుపుకోవాలి.

మూతి లోపలి వెడల్పు కొలవడానికి స్కేలు పనికిరాదు. చిన్న కాగితం ముక్కను సన్నని గొట్టంలా బిగించి చుట్టి మూతిలోకి దించి వదిలితే, అది విచ్చుకొని మూతి గోడలను అన్ని వైపులా తాకుతుంది. పైకి వచ్చిన అంచును అలాగే పట్టుకొని బయటికి తీసి, విప్పుకోకుండా టేపు అంటించి, ఆ గొట్టం వెడల్పు కొలవాలి. చెంచా తల దానికంటే కనీసం ఒక మిల్లీమీటరు తక్కువ ఉండాలి. మూతి 6 మిల్లీమీటర్లైతే తల 5 మిల్లీమీటర్లు దాటకూడదు.

గుంట పరిమాణం విషయంలో చాలామంది తొందరపడతారు. 7 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు, నడుమ ఒక మిల్లీమీటరు లోతు ఉన్న గుడ్డు ఆకారపు గుంటలో దాదాపు 18 ఘనపు మిల్లీమీటర్ల పొడుం పడుతుంది. ప్రతి కొలతనూ 30 శాతం పెంచి 9.1, 6.5, 1.3 మిల్లీమీటర్లు చేస్తే అది 40 ఘనపు మిల్లీమీటర్లవుతుంది, అంటే రెట్టింపు దాటుతుంది. కంటికి రెండు చెంచాలూ ఒకే తీరుగా కనిపిస్తాయి. ముక్కులోకి వెళ్లే మోతాదు మాత్రం రెండింతలవుతుంది. అందువల్ల చిన్న కొలతతోనే మొదలుపెట్టాలి. కావాలంటే తర్వాత గుంటను లోతు చేసుకోవచ్చు కానీ తవ్విన గుంటను పూడ్చలేం.

3. సరైన సామగ్రి ఎంపిక

మొదటి చెంచాకు వెదురే మంచిది. పొడవునా చక్కగా చీలుతుంది, రెండు మిల్లీమీటర్ల సన్నంగా చేసినా గట్టిగా నిలుస్తుంది, వాసన ఉండదు. మేదరవారు బుట్టలు అల్లే చోట అడిగితే ముదురు వెదురు బద్ద ముక్క దొరుకుతుంది. లేత వెదురు ఆరాక ముడుచుకుపోతుంది, దాన్ని తీసుకోవద్దు.

కర్రతో చేయాలనుకుంటే జామ, రేగు వంటి గట్టి, సన్నని పోగు ఉన్న కర్రలు తీసుకోవాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర వాటి వాటి పనులకు ఎంతో మంచివి. కానీ మెత్తనివి కావడంతో రెండు మిల్లీమీటర్ల కాడకు నిలవవు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చేసిన చిన్న బరిణెలో పొడుం దాచుకోవచ్చు, చెంచా మాత్రం వేరే కర్రతో చేయాలి. టేకులో సన్నని రంధ్రాలు ఎక్కువ, వాటిలో పొడుం ఇరుక్కుంటుంది. గంధపు చెక్క తన వాసనను పొడుంకు అంటిస్తుంది.

కొబ్బరి చిప్ప అందంగా ఉంటుంది, నునుపు బాగా తేలుతుంది. పొట్టి డబ్బీ చెంచాకు సరిపోతుంది. అయితే సన్నని కాడ చేస్తే పుటుక్కున విరుగుతుంది కనుక సీసా చెంచాకు వాడవద్దు.

పాత చైనా సీసాల్లో కొన్నిటికి దంతపు చెంచాలు ఉండేవి. విరిగిన చెంచా స్థానంలో ఎవరైనా దంతపు ముక్క ఇస్తామన్నా తీసుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం నేరం. వెదురు చెంచా పెట్టినందువల్ల ఆ సీసాకు ఏ లోటూ రాదు. చైనాలో కూడా వెదురు చెంచాలు వాడారు.

4. పనిముట్లు, వెదురును సిద్ధం చేయడం

పని మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోవాలి:

□ కణుపు లేని వెదురు బద్ద, కనీసం 15 సెంటీమీటర్ల పొడవు
□ పదునైన చిన్న కత్తి
□ పాత గొడుగు కమ్మి ముక్క, సానరాయి
□ 220, 400, 800 నంబర్ల ఉప్పుకాగితం
□ సన్నని పెన్సిలు, స్కేలు
□ గుండ్రని మొన ఉన్న ఇనుప అల్లిక సూది
□ ఎడమచేతి బొటనవేలికి చుట్టుకోవడానికి తోలు ముక్క లేదా మందపాటి గుడ్డ

గొడుగు కమ్మి ఎందుకంటే, దాని అడ్డుకోత కాలువ ఆకారంలో ఉంటుంది. దాని కొసను బయటివైపు నుంచి సానరాయి మీద ఏటవాలుగా అరగదీస్తే మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న వంపు ఉలి తయారవుతుంది. బజారులో ఇంత చిన్న ఉలి సులువుగా దొరకదు. ఒక చెక్క పిడిలో దాన్ని బిగించి, మొన ఒక సెంటీమీటరు మాత్రమే బయటికి ఉండేలా చూసుకోవాలి. ఎక్కువ బయటికి ఉంటే వంగుతుంది.

వెదురులో పిండి పదార్థం ఉంటుంది. దానికోసం పురుగు చేరి పుచ్చిపోతుంది. చీల్చిన బద్దను అరగంట నుంచి గంట దాకా నీళ్లలో ఉడికించి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది. ఆరిన బద్దను వేళ్లతో మీటితే ఖంగుమనాలి. మెత్తగా, మూగగా పలికితే ఇంకా తేమ ఉన్నట్టు.

5. చెక్కడం: గుంట ముందు, ఆకారం తర్వాత

తలను ముందు గుండ్రంగా కోసి, ఆ తర్వాత గుంట తవ్వబోయేవారే ఎక్కువ. ఐదు మిల్లీమీటర్ల తలను వేళ్లతో గట్టిగా పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఉలి జారుతుంది, తల చీలుతుంది, వేలు తెగుతుంది. బద్ద వెడల్పుగా ఉన్నప్పుడే గుంట పని పూర్తిచేయాలి.

5.1 బద్దను సరిచేయడం. బద్దను 10 మిల్లీమీటర్ల వెడల్పుకు చీల్చాలి. బయటి నున్నని పొర వెదురులో అన్నిటికంటే గట్టి భాగం, దాన్ని ముట్టుకోవద్దు. లోపలివైపు మెత్తని భాగాన్ని కత్తితో పొరలు పొరలుగా తీసి, మొత్తం మందం 3 మిల్లీమీటర్లకు తేవాలి.

5.2 గీయడం. లోపలివైపున, కొస నుంచి 15 మిల్లీమీటర్లు వదిలి, 7 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పున్న గుడ్డు ఆకారాన్ని పెన్సిలుతో గీయాలి. కొసను వదలడం మరువకూడదు. గుంట తవ్వేటప్పుడు కొస నుంచి చీలిక వస్తే ఆ 15 మిల్లీమీటర్లే దాన్ని ఆపుతాయి.

5.3 గుంట తవ్వడం. బద్దను బల్ల మీద పరిచి, వెనక ఒక మేకుకో చెక్కకో ఆనించాలి. ఉలి ఎప్పుడూ శరీరానికి ఎదురుగా కాకుండా బయటివైపుకే కదలాలి. వెదురు పోగు నిలువుగా ఉంటుంది కనుక గీతకు ఒక చివర నుంచి నడుమ దాకా వచ్చి ఆపాలి, తర్వాత బద్దను తిప్పి రెండో చివర నుంచి నడుమకు రావాలి. ఒకే ఊపులో ఇటు నుంచి అటు దాకా తోస్తే ఉలి అవతలి అంచును పైకి లేపేస్తుంది.

ఒక్కో తోపుకు కాగితమంత పలుచని పొర మాత్రమే లేవాలి. పొర చుట్టుకుంటూ వస్తే పదును సరిగ్గా ఉన్నట్టు. పోగులు పోగులుగా పీకుతూ వస్తే ఆపి ఉలిని మళ్లీ సానపెట్టాలి. పదును పోయిన ఉలిని బలంతో తోయడం వల్లనే ఎక్కువ చెంచాలు పాడవుతాయి, ఎక్కువ గాయాలు అవుతాయి.

లోతు తెలుసుకోవడానికి గుంట మీద అడ్డంగా స్కేలు అంచు పెట్టి, నడుమ సందులోంచి వెలుతురుకు చూడాలి. ఒక మిల్లీమీటరు లోతు అంటే మామూలు పోస్టుకార్డులు మూడు నాలుగు పేర్చినంత మందం. అక్కడికి రాగానే ఆపేయాలి.

5.4 గుంటను నునుపు చేయడం. అల్లిక సూది గుండ్రని మొనకు 220 నంబరు ఉప్పుకాగితం చుట్టి గుంటలో గుండ్రంగా తిప్పాలి. తర్వాత 400, ఆపైన 800. ఈ పని కూడా బద్ద వెడల్పుగా ఉన్నప్పుడే ముగించాలి.

5.5 బయటి ఆకారం. ఇప్పుడు గుంట చుట్టూ అర మిల్లీమీటరు అంచు వదిలి తల రూపురేఖను, దాని వెనక కాడను గీయాలి. గుంట వెడల్పు 5 మిల్లీమీటర్లుంటే తల 6 మిల్లీమీటర్లవుతుంది. మూతి ఇరుకైన సీసాకైతే మొదటే గుంట వెడల్పును 4 మిల్లీమీటర్లకు తగ్గించుకోవాలి. కత్తితో తల నుంచి మెడ వైపుకు కోస్తూ రావాలి, మెడ నుంచి తల వైపుకు కోయకూడదు. మెడ దగ్గర మలుపును ఒక్కసారిగా ఇరుకు చేయకుండా క్రమంగా సన్నబరిస్తే అక్కడ విరగదు.

వెనకవైపు నడుమ ఉన్న నున్నని పొరను తాకకుండా అంచులను మాత్రమే గుండ్రం చేయాలి. ఆ పొర తెగితే చెంచా బలం సగం పోయినట్టే.

5.6 కాడను సన్నం చేయడం. సీసా చెంచాకు కాడ మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. డబ్బీ చెంచాకు 3 మిల్లీమీటర్లు ఉంచినా బాగుంటుంది, పట్టు దొరుకుతుంది.

5.7 వంపు, డబ్బీ చెంచాకు మాత్రమే. మెడ భాగాన్ని స్పిరిట్ దీపం మంటకు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున పట్టి, అటూ ఇటూ కదుపుతూ వేడిచేయాలి. వెదురు మీద నూనెలాంటి మెరుపు కనిపించినప్పుడు నెమ్మదిగా వంచి, తడిగుడ్డతో పట్టుకొని చల్లారేదాకా కదపకుండా ఉండాలి. నల్లబడితే వేడి ఎక్కువైనట్టు, అది ఇక పెళుసుబారుతుంది.

5.8 కొసను కోయడం. అన్నీ పూర్తయ్యాక, చివరగా ఆ 15 మిల్లీమీటర్ల అదనపు ముక్కను చిన్న రంపంతో తీసేసి, ముందు అంచును గుండ్రంగా అరగదీయాలి. ఈ అంచు పలుచగా ఉంటేనే డబ్బీ అడుగున మిగిలిన పొడుం కూడా చెంచాలోకి ఎక్కుతుంది.

6. మెరుగు

చెంచాను ఒకసారి నీళ్లలో ముంచి తీసి పూర్తిగా ఆరనివ్వాలి. తడి తగలగానే పోగులు నూగులా పైకి లేస్తాయి. ఆరాక 800 నంబరు కాగితంతో ఆ నూగును తీసేస్తే మళ్లీ కడిగినప్పుడు లేవదు. ఈ అంచె దాటవేసినవారి చెంచా మొదటిసారి కడగగానే గరుకుబారుతుంది.

ఆ తర్వాత అల్లిక సూది మొనతో గుంటను, గాజు గోళీతో కాడను నొక్కి రుద్దితే నిగనిగలాడుతుంది. గుంటలో వార్నిషుగానీ లక్కగానీ నూనెగానీ పూయవద్దు. సున్నం, తేమ ఉన్న పొడుంలో పూత మెత్తబడి రాలవచ్చు, నూనె మక్కిపోయి వాసన వేస్తుంది. కాడకు మాత్రం కొద్దిగా తేనెమైనం రుద్దవచ్చు.

7. బిరడాకు బిగించడం

బెండు బిరడా నడుమ రంధ్రాన్ని కాడ కంటే కాస్త సన్నగా, కాల్చిన దబ్బనంతో చేయాలి. చల్లని దబ్బనంతో పొడిస్తే బెండు ముక్కలు రాలి పొడుంలో కలుస్తాయి. రంధ్రం నిటారుగా ఉండాలి. వంకర పోతే కింద చెంచా తల సీసా గోడను రాసుకోవచ్చు.

జిగురు లేకుండా కాడను ముందు బిగించి, బిరడాను సీసాకు పెట్టి, చెంచా కొస అడుగును తాకడం లేదని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాతే బయటికి లాగి, పైవైపున రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు కొద్దిగా రాసి దింపాలి. పొడుం ఉండే వైపుకు జిగురు రాకూడదు. ఒక రాత్రంతా గట్టిపడనివ్వాలి. చెక్కకు వాడే తెల్ల జిగురు తేమకు మెత్తబడుతుంది, దీనికి పనికిరాదు.

లోపలి గోడ మీద చిత్రం వేసిన సీసా మీ దగ్గర ఉంటే అందులో పొడుం వేయనే వద్దు, చెంచా కూడా బిగించవద్దు. ఆ చిత్రాలు గాజుకు లోపలివైపున ఉంటాయి. చెంచా రాపిడికి గీతలు పడితే తిరిగి బాగుచేయడం సాధ్యం కాదు.

8. తీగతో చెంచా

వెదురు పని ఓపిక లేనివారు లోహపు తీగతో చేసుకోవచ్చు. 2 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల పొడవున్న రాగి లేదా ఇత్తడి తీగ కొసను మసక వెలుతురులో లేత ఎరుపు కనిపించేదాకా కాల్చి, ఎరుపు పోయాక నీళ్లలో ముంచాలి. ఇలా కాలిస్తే లోహం మెత్తబడుతుంది. నున్నని ఇనుప దిమ్మె మీద సుత్తితో కొట్టి కొసను ఆకులా వెడల్పు చేయాలి. లోహం కొడుతున్నకొద్దీ గట్టిపడుతుంది, పగులు కనబడే ముందే మళ్లీ ఒకసారి కాల్చాలి.

గుంట కోసం గట్టి చెక్క అడ్డుకోత మీద సైకిల్ బేరింగు గోళీని సుత్తితో కొట్టి చిన్న పల్లం చేయాలి. ఆ పల్లం మీద ఆకును ఉంచి, దానిమీద అదే గోళీ పెట్టి రెండు మూడు చిన్న దెబ్బలు వేస్తే సమానమైన గుంట పడుతుంది. గోళీ ఎగిరిపడకుండా పట్టకారుతో పట్టుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. అంచులను ఆకురాయితో గుండ్రం చేసి, ఉప్పుకాగితంతో ముగించాలి.

రాగి, ఇత్తడి చెంచాలను పొడుంలో ఉంచేస్తే పచ్చని చిలుము పడుతుంది. అది ముక్కులోకి వెళ్లకూడదు. అందువల్ల ఈ చెంచాను డబ్బీ బయటే ఉంచి వాడాలి, లేదా శుద్ధమైన తగరంతో కళాయి వేయించాలి. సీసం కలిసిన టంకం అసలు వాడకూడదు. వెండి తీగ అయితే ఈ బెడద చాలా తక్కువ, అదే కొలతలతో కంసాలి దగ్గర చేయించుకోవడం సులువు.

9. మొదటి వాడకానికి ముందు పరీక్ష

పొడుంతో కాకుండా మెత్తగా జల్లించిన బియ్యప్పిండితో పరీక్షించాలి. చెంచాతో పిండి తీసి, డబ్బీ అంచుకు ఆనించి సమంగా గీస్తే ఒక కొలత. అలా ఇరవై కొలతలు నల్లకాగితం మీద వేరువేరు కుప్పలుగా పోసి చూస్తే అవి సమానంగా ఉన్నాయో లేదో కంటికే తెలుస్తుంది.

□ చెంచా బోర్లించి ఒకసారి తడితే పిండి అంతా రాలుతోంది
□ గుంటలో వేలిగోరు ఆనించి లాగితే ఎక్కడా గరుకు తగలడం లేదు
□ తల అంచు చర్మం మీద రుద్దినా గీసుకోవడం లేదు
□ మూతిలోంచి తల రాపిడి లేకుండా వస్తోంది
□ మెడ దగ్గర కొద్దిగా వంచి వదిలితే చిటపట శబ్దం లేదు

ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా దాన్ని సరిచేశాకే వాడాలి.

10. వాడే పద్ధతి

1. చేతులు, చెంచా రెండూ పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క డబ్బీలోకి వెళితే పొడుం గడ్డకడుతుంది, బూజు పడుతుంది.

2. మూత తీసే ముందు డబ్బీని అరచేతి మీద మెల్లగా తట్టాలి, మూతకు అంటిన పొడుం కిందికి దిగుతుంది. ఫ్యాను కింద మూత తీయకూడదు.

3. చెంచాతో తీసి, అంచుకు గీసి సమం చేయాలి. కుప్పగా తీసే అలవాటు చేసుకుంటే చెంచా ఉన్న ప్రయోజనమే పోతుంది.

4. తీసిన పొడుంను చేతి వెనక పోసుకోవాలి. బొటనవేలిని వెనక్కి చాచినప్పుడు దాని మొదట్లో రెండు నరాల్లాంటి స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. వైద్యులు శరీర నిర్మాణ శాస్త్రంలో ఆ గుంటను నస్యం డబ్బీ పేరుతోనే పిలుస్తారు.

5. చెంచాను ముక్కులో పెట్టకూడదు. ముక్కు లోపలి పొర చాలా సుకుమారం, అంచు తగిలితే రక్తం వస్తుంది. ముక్కు తడి అంటిన చెంచా తిరిగి డబ్బీలోకి వెళితే మిగిలిన పొడుం పాడవుతుంది.

6. ఒక చెంచాను ఒకరే వాడాలి. ఎదుటివారికి ఇవ్వవలసి వస్తే చెంచా ఇవ్వకుండా వారి చేతి మీద పోయాలి.

సమంగా గీసిన చెంచాతో మరో ఉపయోగం ఉంది. వేళ్లతో పట్టు పట్టేవారికి రోజుకు ఎంత పీలుస్తున్నారో తెలియదు. చెంచా లెక్క కాగితం మీద రాసుకుంటే తెలుస్తుంది. తగ్గించాలనుకునేవారికి ఆ లెక్క ఆధారం అవుతుంది. పూర్తిగా మానాలనుకునేవారు 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

నస్యంతో సహా పొగలేని పొగాకు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అందులోని నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, అలవాటు పట్టిస్తుంది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు వాడకూడదు. ముక్కు నుంచి రక్తం రావడం, ఒక పక్కే ఎప్పుడూ దిబ్బడ ఉండటం, వాసన తెలియకపోవడం కనిపిస్తే ఆపి, చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ని కలవాలి.

11. శుభ్రం చేయడం, దాచడం

వెదురు చెంచాను రోజూ కడగవద్దు. పొడి గుడ్డతో తుడిచి, వారానికి ఒకసారి గోరువెచ్చని నీళ్లలో ముంచి, మెత్తని పళ్లకుంచెతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టాలి. నెయ్యి పడిన పొడుం వాడేవారు కడిగే నీళ్లలో కాస్త కుంకుడు రసం కలిపితే జిడ్డు వదులుతుంది. నానబెట్టకూడదు.

డబ్బీ, సీసా, చెంచా మూడూ పిల్లలకు అందని చోట ఉండాలి. పొడుం కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు విషమే. ఇంత చిన్న చెంచాను వారు నోట్లో పెట్టుకొనే ప్రమాదం కూడా ఉంది.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మార్గాలు

పొడుం గుంటకు అంటుకుపోతోంది. చాలావరకు గుంట అడుగున ఉలి మిగిల్చిన సన్నని గాడులే కారణం. 400, 800 నంబర్లతో మళ్లీ తిప్పి, అల్లిక సూదితో గట్టిగా రుద్దాలి. అప్పటికీ అంటుకుంటే గుంట లోతు ఎక్కువైనట్టు. అంచులను చుట్టూ అరగదీసి లోతు తగ్గించాలి.

తల మూతిలో ఇరుకుతోంది. తల పక్కలను కాకుండా మొదట దాని మందాన్ని చూడాలి. అనేక సందర్భాల్లో వెడల్పు సరిగ్గానే ఉండి, వెనక అంచులు గుండ్రం కాకపోవడం వల్ల ఇరుకుతుంది.

గుంట అడుగు పలుచబడి వెలుతురు కనిపిస్తోంది. దాన్ని జిగురుతో నింపే ప్రయత్నం చేయవద్దు. పొడుంతో పాటు జిగురు పొట్టు లేచి ముక్కులోకి వెళ్లే అవకాశం ఉంది. మిగిలిన బద్దతో కొత్తది చేయాలి.

కాడ వంగి అలాగే ఉండిపోతోంది. వెదురు లేతదై ఉండాలి, లేదా వెనక పొర తెగి ఉండాలి. మొదటిదైతే మంట మీద వేడిచేసి నిటారు చేసి చల్లార్చితే కొంతకాలం నిలుస్తుంది. రెండవదైతే మార్గం లేదు.

చెంచా బిరడాలో ఊగుతోంది. పాత బెండు ఎండి ముడుచుకుంది. జిగురు మీద జిగురు వేయకుండా బిరడానే మార్చాలి.

వెదురు మీద సన్నని పిండి రాలుతోంది. పురుగు పట్టింది. ఆ చెంచాను, అది ఉంచిన డబ్బీలోని పొడుంను రెండింటినీ పారేయాలి. మిగిలిన బద్దలను మళ్లీ గంటసేపు ఉడికించి ఆరబెట్టాకే వాడాలి.

మెడ దగ్గర వెంట్రుకంత పగులు. దారం చుట్టి కొన్నాళ్లు నెట్టుకురావచ్చని కొందరు అనుకుంటారు. పగులులో పేరుకున్న పొడుం తడి పట్టి కుళ్లుతుంది, చెంచా విరిగితే ముల్లు లాంటి కొస చేతికి గుచ్చుకుంటుంది. పగులు కనిపించిన రోజే దాన్ని పక్కన పెట్టి, కొత్త చెంచాకు పాతదాని కొలతలే తీసుకోవాలి.